స్త్రీల పాదములు, పలుచని పాదరక్షలు

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి దాక ముంబయి రహదారికి ఇరుప్రక్కలను, లోపలికి పోయిన పాశమైలారము, బొల్లారము, ఖాజీపల్లి, బొంతపల్లి త్రోవలలోను, గడచిన కొన్ని దశాబ్దములలో మందులు, రసాయనములు, యంత్రభాగములు తయారుచేయు కర్మాగారములు వరుసగ వెలసి, చుట్టుపట్ల పల్లెల స్త్రీలకును, దూరరాష్ట్రముల నుండి వలసవచ్చిన కుటుంబముల స్త్రీలకును, గంటల తరబడి నిలుచుండి చేయు పనిని జీవనోపాధిగ కల్పించినవి. ఈ స్త్రీల పాదములు ఒక్క దినములో ఎన్ని నేలలను తాకునో గమనించిన ఆశ్చర్యము కలుగును: తెల్లవారుజామున ఇంటిలోని బండలమీద వట్టికాళ్ళు, బస్సు వచ్చు చోటి వఱకు హవాయి చెప్పులు, కర్మాగారములో వానిని విడిచి తొడుగుకొను మూతచెప్పులో ఇనుపముక్కు బూట్లో, వానిలోనే షిఫ్టు ముగియువఱకు కాంక్రీటు నేల, సాయంకాలము తిరిగి వంటయింటి చల్లని బండలు. పొలమున్న యింటి స్త్రీయైనచో సెలవుదినమున దుక్కినేల, ముళ్ళగట్టు.

ఇటీవల ప్రపంచమంతట ప్రచారమునకు వచ్చి మన నగరముల అంగళ్ళలోనికిని ప్రవేశించుచున్న ‘బేర్‌ఫుట్ షూ’లను, అనగా వట్టికాలి నడకకు వీలైనంత సమీపముగ నుండునట్లు తయారైన పాదరక్షలను, ఇట్టి స్త్రీల పక్షమున నిలిచి పరిశీలింపవలెనన్నది ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. వానిని గూర్చిన ప్రచారమెల్ల ప్రధానముగ పరుగు వ్యాయామముగ చేయువారి కొఱకు వ్రాయబడినది. ఎనిమిది గంటలు నిలుచుండు స్త్రీకి అందలి ఏ గుణము పనికివచ్చునో, ఏది పనికిరాదో విడదీసి చెప్పిన రచనలు అరుదు.

పరిశీలనకు ముందు, శాస్త్రజ్ఞులు ‘మినిమలిస్టు’ అని పిలుచు ఈ పాదరక్షల లక్షణము తెలియవలెను. 2015లో వివిధ దేశములకు చెందిన 42 మంది నిపుణులు ఏకాభిప్రాయమునకు వచ్చి, పాదముయొక్క సహజచలనమునకు అత్యల్పముగ అడ్డుతగులునదియే మినిమలిస్టు పాదరక్షయని నిర్ణయించి, దానిని కొలుచుటకు ఐదు ప్రమాణములను ఏర్పరచిరి. బరువు, అడుగు మందము, మడమకును ముందుభాగమునకును గల యెత్తు భేదము, వంగి మెలితిరుగు సౌలభ్యము, పాదమును అదుపుచేయుటకు చేర్చిన గట్టి అమరికలు లేకుండుట, ఇవియే ఆ ప్రమాణములు. ఈ ఐదింటిలో వ్రేళ్ళవద్ది వెడల్పు లేదు. తయారుచేయువారు దానిని తామే చేర్చి, వ్రేళ్ళు విప్పారుటకు చోటిచ్చు ముందుభాగమును ఈ జాతి పాదరక్షలకు గుర్తుగ నిలిపిరి. నేను చదివినదానిని, ఈ ప్రాంతపు స్త్రీల జీవితమును కలిపి ఆలోచింపగ, కొలమానములో చోటుచేసికొనని ఆ వెడల్పే స్త్రీలకు అన్నిటికన్న నిశ్చయమైన మేలనియు, ప్రచారములో మొదటిస్థానము పొందిన పలుచదనము అన్నిటికన్న సందేహాస్పదమైన మేలనియు నాకు తోచుచున్నది.

పాదరక్షను గూర్చిన విచారము మనకు క్రొత్తది కాదు. చరకసంహిత దినచర్యను బోధించుచోట పాదరక్షాధారణము కన్నులకును చర్మమునకును హితమనియు, పాదముల బాధను తొలగించి నడకలో సుఖమును బలమును ఇచ్చుననియు చెప్పినది. సుశ్రుతసంహిత ఆనెకాయను కదరమనియు, మడమల పగుళ్ళను పాదదారియనియు పేర్కొని క్షుద్రరోగములలో చేర్చినది. వట్టికాలి నడకను ఆదర్శముగ కొనియాడుట ప్రాచీనవైద్యుల మతము కాదు. మన పల్లెలలో చర్మకారులు కుట్టిన తోలుచెప్పులను చూడుడు: సమతలమైన అడుగు, ఎత్తులేని మడమ, బొటనవ్రేలిని పట్టు ఉంగటము, తక్కిన వ్రేళ్ళకు ఏ అడ్డును లేని ముందుభాగము. నేటి ప్రమాణములలో పెక్కింటికి అవి సరిపోవును. కాని ఆ చెప్పులను కుట్టిన కులమువారే వానిని తొడిగి ఊరి నడివీథిలో నడువరాదని శాసించిన కాలము మన తాతలు ఎరిగినదే. దొరల గడీ ముందు చెప్పులు చేత పట్టుకొని నడచినవారి సంతతి ఈనాటికిని ఈ పల్లెలలో ఉన్నది. అందుచేత వట్టికాళ్ళను స్వేచ్ఛకు చిహ్నముగ వర్ణించు రచనలను చదువునపుడెల్ల నాకు మనసు చివుక్కుమనును. ఎవరికి చెప్పులు తొడుగుకొను హక్కు ఎన్నడును ప్రశ్నింపబడలేదో వారికి మాత్రమే చెప్పులు విడుచుట వినోదము. ఈ వ్యాసములో నేను సమర్థించునది వట్టికాళ్ళను కాదు, పాదముయొక్క ఆకారమును గౌరవించు పాదరక్షను.

ఆకారమును గూర్చిన సాక్ష్యము బలమైనది. దక్షిణాఫ్రికాలో జిప్ఫెల్, బెర్గర్ అను పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనములో, వేల యేండ్లనాటి వేటగాండ్ర పాదాస్థులను ఇటీవలి సోతో, జూలూ, ఐరోపా జాతులవారి పాదాస్థులతో పోల్చి, పాదరక్షలు లేని ప్రాచీనుల ముందుపాదములే మిక్కిలి ఆరోగ్యముగ నుండినవని నిరూపించిరి. మనకు మఱింత సమీపమైనది 2009లో వెలువడిన బెల్జియము పరిశోధకుల అధ్యయనము. వారు బెంగుళూరు ప్రాంతమున జీవితమంతయు వట్టికాళ్ళతో నడచినవారి పాదములను, చెప్పులు తొడుగు భారతీయుల పాదములతోను, బూట్లకు అలవాటుపడిన పాశ్చాత్యుల పాదములతోను పోల్చి, మొదటివారి పాదములు ముందుభాగమున వెడల్పుగ నుండి దేహభారమును అరికాలియందంతట సమముగ పంచుచున్నవనియు, పాశ్చాత్యుల పాదములు సన్నగిలి భారమంతయు మడమయందును వ్రేళ్ళ మొదళ్ళయందును గుమిగూడుచున్నదనియు కనుగొనిరి. చెప్పులు తొడుగు భారతీయులు ఈ యిరువురికి నడుమ నిలిచిరి. అంతకుముందే, 1992లో, మన దేశపు వైద్యులు రావు, జోసెఫ్ అనువారు 2,300 మంది బాలబాలికల పాదముద్రలను సేకరించి, పాదరక్షలు వాడువారిలో నూటికి 8.6 మందికిని, వాడనివారిలో నూటికి 2.8 మందికిని చదునుపాదము గలదని తేల్చిరి. మూతబూట్లు తొడుగువారిలో అది హెచ్చుగను, తెరచియుండు చెప్పులవారిలో తక్కువగను ఉండుట వారు గమనించిన విశేషము.

స్త్రీల విషయములో ఈ ఇరుకుదనము ఫ్యాషన్ చేత ఇంకను తీవ్రమైనది. అమెరికాలో 1993లో ప్రకటితమైన యొక పరిశీలనలో 356 మంది స్త్రీల పాదములను, వారు తొడిగిన బూట్లను కొలిచి చూడగ, నూటికి 88 మంది తమ పాదముకన్న చిన్న బూట్లను తొడుగుచుండిరి. నూటికి 80 మందికి ఏదో యొక వికృతి ఏర్పడియుండెను. బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ళమీదికి ఒరిగి, దాని మొదటి కీలు బయటికి పొడుచుకొనివచ్చుట, చిటికెనవ్రేలు ముడుచుకొనిపోవుట, ఆనెలు, ఇవన్నియు ఒకే కారణముయొక్క శాఖలు. 2001లో వుండర్లిక్, కవానా అను పరిశోధకులు స్త్రీపాదము పురుషపాదమునకు చిన్న ప్రతి కాదనియు, నిష్పత్తులే వేఱనియు కొలిచి చూపిరి. అయినను పురుషుల అచ్చును కుదించి స్త్రీల బూటుగ విక్రయించుట నేటికిని సాగుచునే యున్నది.

మన స్త్రీకి ఇందులో అదనపు చిక్కొకటి గలదు. వివాహిత తన రెండవ వ్రేలికి ధరించు మెట్టెలు ఇరుకైన మూతబూటులో ప్రక్కవ్రేళ్ళను ఒరయును. వేసవిలో పాదము ఉబ్బిన పుండుపడును. మెట్టెలు తీసివేయుమనుట పలువురి మనసుకు నొప్పి కలిగించు మాట. తీయకుండ బూటు తొడుగుమనుట పాదమునకు నొప్పి. ముందుభాగము వెడల్పైన బూటు ఈ రెండు నొప్పులను ఒక్కసారిగ తొలగింపగలదు. విదేశములలో వ్రాయబడిన ఏ సమీక్షయందును ఈ ప్రయోజనము నాకు కనబడలేదు గాని, పటాన్‌చెరు స్త్రీకి ఇది మొదట చెప్పవలసిన ప్రయోజనము.

రెండవది మడమ యెత్తు. 1998లో కెర్రిగన్ అను వైద్యురాలు, ఆమె సహచరులు, 20 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలను ఎత్తుమడమల బూట్లతోను వట్టికాళ్ళతోను నడపించి, ఎత్తుమడమలతో మోకాటిచిప్ప వెనుకను, కీలు లోపలి పార్శ్వమునను ఒత్తిడి సుమారు 23 శాతము పెరుగుచున్నదని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిరి. వెడల్పైన ఎత్తుమడమ సురక్షితమను భ్రమను వారి తదుపరి అధ్యయనము 2001లో తొలగించెను. 2006లో షికాగో పరిశోధకులు మోకాటి అరుగుదల గల 75 మందిని పరీక్షించి, తమ వాడుక బూట్లతో నడచునప్పటికన్న వట్టికాళ్ళతో నడచునపుడు కీలుపై పడు ప్రధానమైన ప్రక్కపోటు 11.9 శాతము తగ్గుచున్నదని చూపిరి.

అయితే స్త్రీలపై, అందులోను పేదస్త్రీలకు అందుబాటులోనుండు పాదరక్షతో, నేరుగ జరిగిన పరీక్షయొకటి బ్రెజిల్ దేశమునకు చెందినది. అక్కడ ‘మొలెకా’ అను చవుకైన గుడ్డబూటు, సన్నని రబ్బరు అడుగుతో, మడమ యెత్తు లేకుండ, చేతితో మడచిన మడతపడునట్టిది, బజారులో సామాన్యస్త్రీలు కొనుకొనునది. సావోపాలో విశ్వవిద్యాలయ పరిశోధకులు మోకాటి అరుగుదలతో బాధపడు 56 మంది వృద్ధస్త్రీలను రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గముచేత ఆరు మాసములు దినమునకు కనీసము ఆరు గంటలు ఆ బూటును తొడిగించిరి. ఆ వర్గములో నొప్పి తగ్గినది, పనులు చేసికొను శక్తి మెరుగైనది, నొప్పిమాత్రల వాడుక తగ్గినది. ఖరీదైన విదేశీ బూటుతో కాక చవుకైన గుడ్డబూటుతో సాధించిన ఈ ఫలితము 2015లో ప్రకటింపబడినప్పుడు నావంటివారికి గొప్ప ఆశ కలిగించెను.

ఆ ఆశకు హద్దు గీసినది 2021లో ఆస్ట్రేలియా నుండి వెలువడిన మఱియొక పరీక్ష. మెల్బోర్న్ పరిశోధకులు మోకాటి అరుగుదల మధ్యమమో తీవ్రమో యైన 164 మందికి, కొందఱికి పలుచని వంగు బూట్లను, కొందఱికి దృఢమైన ఆధారమిచ్చు బూట్లను ఆరు మాసములు తొడిగింపగ, నడకలోని నొప్పి గణనీయముగ తగ్గినవారు దృఢమైన బూట్ల వర్గములో నూటికి 58 మందియు, పలుచని బూట్ల వర్గములో నూటికి 40 మందియు ఉండిరి. చిన్నచిన్న బాధలు పలుచని బూట్లవారికే ఎక్కువ కలిగినవి. ఈ రెండు పరీక్షలు పరస్పరవిరుద్ధములని కొందఱు భావింతురు. నాకట్లు తోచదు. బ్రెజిల్ పరీక్షలో పలుచని బూటును పోల్చినది ఆ స్త్రీల పాత పాదరక్షలతో. మెల్బోర్న్‌లో పోల్చినది జాగ్రత్తగ ఎంపికచేసిన దృఢమైన బూటుతో. అరుగుదల ముదిరిన మోకాలు గల స్త్రీ పలుచని బూటునే వెదకికొనవలసిన పని లేదనియు, ఎత్తుమడమల నుండియో అరిగి ప్రక్కకు వ్రాలిన చెప్పు నుండియో సమతలమైన బూటునకు మారిన స్త్రీకి మేలు కలుగుట సంభవమనియు వీనినుండి గ్రహించిన చాలును.

బలమును గూర్చిన సాక్ష్యము ఇంతకన్న అనుకూలము. 2009లో క్రిస్టఫర్ మక్‌డూగల్ రచించిన ‘బార్న్ టు రన్’ అను పుస్తకము మెక్సికోలోని తారాహుమారా జాతివారి దీర్ఘపరుగులను లోకమునకు పరిచయముచేయగ, మఱుసటి యేట లీబర్‌మన్ బృందము వట్టికాళ్ళ పరుగును గూర్చి ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ ఉద్యమమునకు శాస్త్రగౌరవమును సమకూర్చెను. ఆ తారాహుమారావారు తొడుగు చెప్పులు పాత టైర్లముక్కలకు త్రాళ్ళు కట్టినవి. మన రైతులు, కూలీలు వాడిన టైరుచెప్పులకు అవి తోబుట్టువులు. 2018లో జరిగిన పరిశీలనలో అట్టి చెప్పులు వాడు తారాహుమారావారి అరికాలి వంపు, మెత్తని బూట్లు తొడుగు అమెరికనుల వంపుకన్న దృఢముగ నుండినది. ఇక 2019లో, పరుగు అలవాటు గల 57 మందిపై జరిగిన పరీక్షలో, ఎనిమిది వారములు మినిమలిస్టు బూట్లతో నడచుట మాత్రముచేతనే, పాదవ్యాయామములు ప్రత్యేకముగ చేసినవారితో సమానముగ పాదకండరములు పెరిగినవి. 2021లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయమువారు, ఆరు మాసములు దినచర్యలో అట్టి బూట్లను వాడినవారి వ్రేళ్ళ బలము సగటున 57.4 శాతము పెరిగినదని ప్రకటించిరి. ప్రత్యేకవ్యాయామమునకు తీరికలేని స్త్రీకి, నడచుచునే బలము చేకూరుననుట చిన్న మేలు కాదు.

కాని ఆ బలము కొంత మూల్యము లేక రాదు. 2013లో జరిగిన పరీక్షలో, పదివారములలో, ప్రతి వ్రేలికిని వేఱు తొడుగు గల పలుచని ‘వ్రేళ్ళబూట్ల’కు మారిన 19 మంది పరుగువారిలో 10 మందికి పాదపు ఎముకల మజ్జలో వాపు కనబడెను. ఆ బూట్లను తయారుచేసిన విబ్రమ్ సంస్థ, ఆరోగ్యప్రయోజనములను గూర్చి చేసిన ప్రకటనలపై వచ్చిన దావాను 2014లో 37.5 లక్షల డాలర్లకు పరిష్కరించుకొనెను. ఇక్కడ మన ప్రాంతపు స్త్రీలను గూర్చి ప్రత్యేకముగ ఆలోచింపవలసిన కారణము గలదు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 యేండ్ల వయసు గల స్త్రీలలో గర్భసంచి తొలగింపు చేయించుకొనినవారు దేశమంతట నూటికి 3.2 మంది కాగ, తెలంగాణలో 7.7 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. అండాశయములును తొలగింపబడిన స్త్రీకి, ముప్పది నలువది యేండ్ల ప్రాయముననే ఎముకల సాంద్రత వేగముగ తగ్గిపోవును. అట్టి స్త్రీ మెత్తని చెప్పు విడిచి, ఒక్కసారిగ పలుచని అడుగుతో కాంక్రీటుపై ఎనిమిది గంటలు నిలిచినచో, పాదపు పొడవాటి సన్నని ఎముకలలో బీటలు వారు ప్రమాదము ఆరోగ్యవతియైన స్త్రీకన్న అధికము. పాశ్చాత్యదేశపు యువక్రీడాకారుల ఫలితములను యథాతథముగ మన స్త్రీలకు అన్వయింపరాదని నేను పట్టుబట్టుట ఇందుచేతనే.

స్పర్శ విషయము మఱియొకటి. నేలను అరికాలు గుర్తెరుగుటచేత తూలుడు తగ్గునని పలుచని బూట్ల పక్షమువారు చెప్పుదురు. వట్టికాళ్ళతో నడచు కెన్యావాసులపై జరిగి 2019లో ‘నేచర్’లో వెలువడిన పరిశోధన, అరికాలి చర్మము ఎంత మందమైనను స్పర్శజ్ఞానము తగ్గదనియు, మెత్తని బూట్లవలెగాక ఆ చర్మము స్పర్శను చెడగొట్టక రక్షించుననియు చూపెను. స్పర్శ నిలిచియున్న పాదమునకే ఈ మాట చెల్లును. మధుమేహము ముదిరి కాళ్ళు మొద్దుబారిన స్త్రీ గాజుపెంకు గ్రుచ్చుకొనినను ఎరుగదు; అట్టి పాదమునకు కావలసినది వెల్లూరులో పాల్ బ్రాండ్ అను వైద్యుడు కుష్ఠరోగుల స్పర్శలేని పాదముల కొఱకు ప్రవేశపెట్టిన సూక్ష్మరంధ్రముల రబ్బరు చెప్పువంటిది, మన ఆస్పత్రులలో ఎం.సి.ఆర్. చెప్పులని వ్యవహరింపబడునది. పలుచని అడుగు ఆమెకు శత్రువు.

ఇక కర్మాగారము. బరువులు పడుచోట, ద్రావకములు చిందుచోట మినిమలిస్టు బూటును తలపెట్టనే రాదు. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 15298 ప్రకారము తయారైన రక్షణబూటు ముక్కు 200 జౌల్‌ల దెబ్బను తాళవలెను. ఆ రక్షణను ఏ గుడ్డబూటును ఇవ్వజాలదు. కాని రక్షణబూటుకును వెడల్పునకును విరోధమేమియు లేదు. ఇనుపముక్కు వెడల్పుగ నుండవచ్చును, మడమ తక్కువగ నుండవచ్చును, స్త్రీపాదపు అచ్చుపై కుట్టవచ్చును. పురుషుల చిన్నకొలత బూటునిచ్చి, మడమ జారిన రెండు మేజోళ్ళు తొడుగుకొమ్మని స్త్రీకి చెప్పుట రక్షణ అనిపించుకొనదు. అంతకన్న ముఖ్యమైనది, ఏ బూటును తీర్పజాలని కష్టమొకటి కలదు: అది ఎడతెగని నిలుచుండుట. 1948 నాటి కర్మాగారముల చట్టము 44వ సెక్షనులోనే నిలుచుండి పనిచేయు కార్మికులకు, వీలుచిక్కినపుడు కూర్చుండుటకు తగిన ఆసనములు ఏర్పరుపవలెనని విధించినది. అంగళ్ళలో పనిచేయువారికి కేరళ 2018లోను, తమిళనాడు 2021లోను అట్టి హక్కును కల్పించినవి. బూటు గుణములను ఎంత వర్ణించినను, ప్యాకింగు బల్లవద్ద ఒక ఎత్తైన పీట, కాళ్ళక్రింద ఒక రబ్బరు పఱపు చేయు మేలును అది చేయలేదు. ఈ మాటను పాదరక్షల వ్యాసములో చెప్పకుండుట అన్యాయమని తలచి చెప్పుచున్నాను.

పొలమును గూర్చి సంగ్రహముగనే చెప్పవచ్చును. జహీరాబాదు, నారాయణఖేడు వైపు చెలకలలో తుమ్మముల్లు, పల్లేరుకాయ, చీకటివేళ పాము. పలుచని అడుగును ముల్లు చీల్చుకొనివచ్చును. అక్కడ మందమైన అడుగు, చీలమండ దాక మూత కావలెను.

అయినచో పలుచని బూటు ఎవరికి, ఎప్పుడు? షిఫ్టునకు పోయివచ్చు త్రోవలో, బజారులో, సాయంకాలపు నడకలో, ఆరోగ్యవతియైన స్త్రీకి అది మేలుచేయును. హవాయి చెప్పుకన్న నిశ్చయముగ మేలు, ఏలయన హవాయి చెప్పు సమతలమైనను వెనుక పట్టులేనందున అది జారకుండ ప్రతి అడుగునను వ్రేళ్ళు ముడుచుకొని పట్టుకొనవలసివచ్చును. కొనునపుడు బ్రాండు పేరును చూడనవసరము లేదు. పాదము కొంత ఉబ్బియుండు సాయంకాలమున, కాగితముపై నిలుచుండి, మెట్టెలతో సహా పాదపు రేఖను గీయించుకొని, ఆ రేఖపై బూటునుంచిన ఏ వ్రేలి రేఖయు బయటికి రాకుండవలెను. వ్రేళ్ళ ముందు బొటనవ్రేలి వెడల్పు చోటు మిగులవలెను. బూటు వ్రేళ్ళ మొదటికడ సులభముగ వంగవలెను. మడమ ముందుభాగముకన్న ఎత్తుగ నుండరాదు. ఈ రేఖను చూచి వెనుకపట్టీ గల సమతలమైన చెప్పును కుట్టగల పనివారు మన ఊళ్ళలో ఇంకను కలరు. విదేశీ బూటుకు వెచ్చించు ధనములో కొంతభాగమునకే వారు దానిని కుట్టియియ్యగలరు, వారి విద్యయు నిలుచును.

మార్పు మెల్లగ జరుగవలెను. మొదటి రెండు వారములు దినమునకు అరగంట నడక చాలును. పిక్కల బిగువు సహజము, అది కొన్ని దినములలో సడలును. మూడు నాలుగు మాసములకు గాని దినమంతయు తొడుగరాదు. నలువది దాటినవారు, గర్భసంచి తీయించుకొనినవారు, మధుమేహము గలవారు ముందుగ వైద్యుని చూడవలెను. పాదపు పైభాగమున, ఒక్కచోట, వ్రేలితో నొక్కిన చుఱుక్కుమను నొప్పి పుట్టినచో అది పిక్కల బిగువు వంటిది కాదు; ఆ దినముననే పాత పాదరక్షకు మరలి, ఎక్స్‌రే తీయించుకొనవలెను, ఎముకలోని సన్నని బీట తొలివారములలో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును గనుక, నొప్పి తగ్గనిచో రెండు మూడు వారముల పిదప మఱల తీయింపవలెను.